ఉత్కంఠ కథతో మాటలు, ఊహ నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ఏడు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలతో కథ ఆపి ఆపి చదివించడం నాకు అలవాటు. తోటి ఉపాధ్యాయులు, పిల్లల అమ్మానాన్నలు నన్ను తరచూ అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాశాను. కొన్నిటికి పొడుగ్గా, కొన్నిటికి రెండు ముక్కల్లో.

ఉత్కంఠ కథే ఎందుకు? నీతికథ సరిపోదా?

నీతికథలో చివర ఏం జరుగుతుందో పిల్లలకి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. అత్యాశ పడ్డవాడు నష్టపోతాడు, మంచివాడు గట్టెక్కుతాడు. ఊహించడానికి అక్కడ ఏమీ మిగలదు. ఉత్కంఠ కథలో "తర్వాత ఏమైంది?" అన్న ప్రశ్న పిల్లల్లోంచే పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టాక తెలియని మాట ఎదురైతే పిల్లవాడు దాన్ని దాటేసి పోడు. దాని అర్థం తెలిస్తేనే కథ ముందుకు కదులుతుంది కాబట్టి, ఆ అర్థం ఇప్పుడు వాడికి కావాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే: మాట నేర్పడం, ఊహ నేర్పడం రెండు వేరువేరు పనులు కావు. మంచి ఉత్కంఠ కథలో మాటే ఆధారం.

ఇది మనకి కొత్తదీ కాదు. బేతాళుడు కథ చెప్పి, చివర ప్రశ్న వేసి, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని విక్రమార్కుణ్ణి బెదిరించాడు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోనే ఆ ఇరవై అయిదు కథలూ ఉన్నాయి. బుర్రకథలో వంత పాడేవాళ్ళు మధ్యలో కథకుణ్ణి అడ్డుకుని ప్రశ్నలు వేస్తారు. వారపత్రిక సీరియల్ సరిగ్గా తలుపు తెరుచుకోబోయే చోట "సశేషం" అని ఆగిపోయేది. కథను ఎక్కడ ఆపాలో మన పెద్దవాళ్ళకి తెలుసు. తరగతి గదిలోకి వచ్చేసరికే ఆ విద్యను వదిలేశాం.

ఉత్కంఠ అంటే పిల్లల్ని భయపెట్టడమా?

కాదు. సినిమా దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఈ తేడాను ఒక ఉదాహరణతో చెప్పేవాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలితే చూసేవాళ్ళకి ఒక్క క్షణం అదురు, అంతే. బల్ల కింద బాంబు ఉందని చూసేవాళ్ళకి ముందే తెలిసి, ఆ ఇద్దరికీ తెలియకపోతే, వాళ్ళు మాట్లాడే ప్రతి మామూలు మాటకీ మన ప్రాణం కొట్టుకుంటుంది. మొదటిది ఆశ్చర్యం, రెండోది ఉత్కంఠ. ఊహకి పని కల్పించేది ఈ రెండోదే. అందుకని దెయ్యాలు, రక్తం, హత్యలు అక్కర్లేదు. తాళం కనిపించకపోవడం, రావాల్సిన మనిషి రాకపోవడం, తీసి ఉండకూడని తలుపు తీసి ఉండడం చాలు.

ఒక నమూనా కథ ఇస్తారా?

నా పిల్లల కోసం నేనే రాసుకున్నదొకటి ఇస్తాను. దీన్ని నాలుగు ముక్కలుగా వేరువేరు కాగితాల మీద రాసి, ఒకటి చదివాకే ఇంకోటి పంచుతాను. కింద వచ్చే జవాబులన్నీ ఈ కథ చుట్టూనే తిరుగుతాయి.

*ఒకటో ముక్క.* నాయనమ్మ పక్కూళ్ళో పెళ్ళికి వెళ్ళింది, రేపుగాని రాదు. ఇంట్లో శీను, తాతయ్య. పొద్దుటినుంచి గౌరి కుడితి ముట్టలేదని తాతయ్య దిగులుగా ఉన్నాడు. రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. శీనుకి ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి లాంతరు కొడిగట్టి ఉంది. తాతయ్య మంచం ఖాళీ.

*రెండో ముక్క.* పెరటి తలుపు ఓరగా తీసి ఉంది. పడుకునే ముందు గొళ్ళెం పెట్టింది తనే. గడప మీద తడి. వేలితో ముట్టి, లాంతరు దగ్గర పెట్టి చూసుకున్నాడు. నీళ్ళే. గాబు పక్కన చెంబు బోర్లా పడి ఉంది. మూలనుండే గోనెసంచి లేదు.

*మూడో ముక్క.* "తాతయ్యా" అని పిలవబోయాడు. గొంతు పెగల్లేదు. గడ్డివాము వెనక అలికిడి. చెవులు రిక్కించాడు. ఎవరో బతిమాలుతున్నట్టు సన్నగా మాటలు. అంతలో మూలిగింది. శీను గుండె ఝల్లుమంది. మళ్ళీ మూలిగింది. ఆ తర్వాత అంతా సద్దుమణిగింది.

*నాలుగో ముక్క.* "ఒరే శీనూ, లేచావా? లాంతరు ఇటు పట్రా" అంది తాతయ్య గొంతు. వాము చుట్టూ తిరిగి వెళ్ళేసరికి, తాతయ్య గోనెసంచితో దేన్నో తుడుస్తున్నాడు. అది నాలుగు కాళ్ళూ వణికించుకుంటూ లేవబోయి, పడి, మళ్ళీ లేచింది. గౌరి మెడ చాచి దాన్ని నాకుతోంది. "కోడెదూడరా" అన్నాడు తాతయ్య.

కొత్త మాటలకి అర్థాలు ముందే బోర్డు మీద రాయాలా?

అందరూ మొదట అడిగేది ఇదే. నేనూ చాలా ఏళ్ళు రాశాను. పాఠం తెరవకముందే పది మాటలు, పది అర్థాలు. పిల్లలు ఎక్కించుకునేవాళ్ళు, పరీక్ష రాసేవాళ్ళు, మరిచిపోయేవాళ్ళు.

ఈ కథలో "కుడితి" అన్న మాటకి అర్థం ముందే రాసేస్తే ఏమవుతుందో చూడండి. బియ్యం కడిగిన నీళ్ళు, తవుడు కలిపి పశువుకి పెట్టేది కుడితి అని తెలిసిపోగానే గౌరి ఆవు అని తేలిపోతుంది. దిగులుగా ఉన్న తాతయ్య, మేత ముట్టని ఆవు, అర్ధరాత్రి ఖాళీ మంచం. సగం కథ అక్కడే అయిపోయింది. అదే కుడితి తెలియని పిల్లలకి గౌరి ఎవరు? శీను చెల్లెలు. అన్నం తినకుండా అలిగిన చెల్లెలు. ఒక తరగతిలో మూడో వంతు మంది గౌరిని వెతకడానికే తాతయ్య బయటికి వెళ్ళాడని రాశారు. ఆ ఊహ తప్పే కానీ, తెలివైన తప్పు. వాళ్ళకి తెలిసిన మాటలతో వాళ్ళు కట్టగలిగిన కథ అది. నాలుగో ముక్క చదివాక "అయ్యో, కుడితి అంటే అదా!" అన్న మాట వాళ్ళ నోటి నుంచే వచ్చింది. ఆ తర్వాత ఆ మాటని ఎవరూ మరిచిపోలేదు.

కాబట్టి మాటల్ని రెండు కుప్పలు చేయండి. తెలియకపోతే వాక్యమే అందనివి, కానీ రహస్యం బయటపెట్టనివి ఒక కుప్ప. గాబు, గడ్డివాము లాంటివి నగరం పిల్లలకి ముందే చెప్పేయండి, వీలైతే బొమ్మ గీసి చూపించండి. కథ మలుపు దేని మీద ఆధారపడి ఉందో ఆ మాటలు రెండో కుప్ప. వాటిని ముట్టుకోకండి. వాటిని పిల్లలే కనుక్కోవాలి.

ఎన్ని తెలియని మాటలుంటే ఎక్కువ?

2000 సంవత్సరంలో హు, పాల్ నేషన్ అనే ఇద్దరు చేసిన పరిశోధనలో, కథను ఎవరి సాయం లేకుండా అర్థం చేసుకోవాలంటే అందులోని మాటల్లో నూటికి 98 దాకా తెలిసి ఉండాలని తేలింది. అది ఇంగ్లీషును రెండో భాషగా చదివేవాళ్ళ లెక్క. తెలుగుకి దాన్ని మక్కీకి మక్కీ వర్తింపజేయలేం. "వెళ్ళిపోయాడనుకున్నారేమో" అన్న ఒక్క మాటలో ఎన్ని మాటలున్నాయో చూడండి. అయినా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. చుట్టూ తెలిసిన మాటలుంటేనే తెలియని మాటను ఊహించగలం. పైగా తరగతిలో మనం పక్కనే ఉంటాం కాబట్టి కాస్త ఎక్కువున్నా పరవాలేదు. నేను ఒక ముక్కలో మూడుకి మించనివ్వను.

ఏ మాటలు నేర్పాలో ఎలా ఎంచుకోవాలి?

ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకియోన్, లిండా కుకన్ అనే అమెరికన్ పరిశోధకులు మాటల్ని మూడు అంతస్తులుగా విడదీశారు. రోజూ వాడే మాటలు మొదటి అంతస్తు: తలుపు, మంచం. ఒక శాస్త్రానికే పరిమితమైన పారిభాషిక పదాలు మూడోది. మధ్యలో ఉన్నవి అసలు సంపద. రోజువారీ మాటల్లో తక్కువగా వినిపించినా, ఏ కథలోనైనా ఏ వ్యాసంలోనైనా ఎదురయ్యేవి. అలికిడి, సద్దుమణగడం, ఓరగా, కొడిగట్టడం, చెవులు రిక్కించడం అలాంటివి. మన శ్రమ వీటి మీద పెట్టాలన్నది వాళ్ళ వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది.

అయితే తెలుగులో ఒక చిక్కుంది. కుడితి ఏ అంతస్తు? పాడి ఉన్న ఇంటి పిల్లకి అది మంచం, కంచం లాంటి మాట. అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లకి పూర్తిగా పరాయి మాట. అంతస్తు మాటలో లేదు, పిల్ల ఇంట్లో ఉంది. నా తరగతిలో ఈ కథ చదివిన రోజు, మామూలుగా వెనక బల్లలో మౌనంగా కూర్చునే ఒక అమ్మాయి ఒకటో ముక్క అవగానే "ఆవు ఈనుతుంది సార్" అంది. వాళ్ళింట్లో రెండు గేదెలున్నాయి. చూడి పశువు మేత మానేస్తే ఏమిటో ఆ అమ్మాయికి తెలుసు. నూటికి ముప్పయ్యో నలభయ్యో వచ్చే పిల్ల ఆ రోజు తరగతి మొత్తానికి గురువు. ఊరి మాటలున్న కథను ఎంచుకోవడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

నిఘంటువు చూడనివ్వచ్చా?

చదివేటప్పుడు వద్దు, చదివాక తప్పకుండా చూడనివ్వండి. మొదట సందర్భాన్నిబట్టి అర్థం ఊహించి రాయమనండి, తర్వాత సరిచూసుకోమనండి. ఫోను అందుబాటులో ఉంటే ఆంధ్రభారతి నిఘంటువులో వెతకడం నేర్పండి. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన నిఘంటువు మొదలుకొని ఎన్నో నిఘంటువుల అర్థాలు అక్కడ ఒకచోట కనిపిస్తాయి. ఒకే మాటకి ఇన్ని అర్థాలా అని పిల్లలు నోరు తెరుస్తారు. అప్పుడు "మన కథలో ఏది కుదురుతుంది?" అని అడగండి. ఆ ఎంపిక చేసుకోవడమే చదువు.

కథను ఎక్కడ ఆపాలి?

ఆధారం ఇచ్చాక, జవాబు ఇవ్వకముందు. ఆధారం లేనిచోట ఆపితే పిల్లలు గాలిలో మేడలు కడతారు. మరీ ఎక్కువ ఆధారం ఇచ్చాక ఆపితే ఊహించడానికి ఏమీ ఉండదు. చిన్న కథకి మూడు ఆపులు చాలు. అయిదారు చోట్ల ఆపితే కథ నలిగిపోయి పిల్లలకి విసుగొస్తుంది, మొదట్లో నేను చేసిన తప్పు అదే. ముందు రోజు రాత్రి కథను మీరే కొత్తవాళ్ళలా చదవండి. చేయి దానంతటదే పేజీ తిప్పబోయిన చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి.

ఆపిన చోట ఏం అడగాలి?

రసెల్ స్టాఫర్ అనే విద్యావేత్త 1960ల్లో ఈ తరహా పఠనానికి ఒక పద్ధతి ఏర్పరచాడు. అందులో మూడే ప్రశ్నలు. ఏం జరుగుతుందనుకుంటున్నావు? ఎందుకలా అనుకుంటున్నావు? కథలో ఎక్కడుందో చూపించగలవా? మూడోది వదిలేస్తే మొదటి రెండూ కాలక్షేపం కబుర్లవుతాయి. నా పిల్లలు నోటు పుస్తకంలో మూడు గడులు గీసుకుంటారు: నా ఊహ, నాకు అలా అనిపించేలా చేసిన మాట, చివరికి ఏమైంది. నడిమి గడిలో కథలోని మాటని ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి. "తాతయ్య చాలాసేపటి కిందటే వెళ్ళాడు" అన్న ఊహకి ఎదురుగా ఒక అబ్బాయి "కొడిగట్టి" అని రాశాడు. వత్తి కాలి కాలి చివరికొస్తేనే దీపం కొడిగడుతుంది, అంటే గంటలు గడిచాయి. ఇంత లోతుగా ఆ మాటని నేనెప్పుడూ బోర్డు మీద చెప్పలేదు.

1984లో పాలిన్‌సార్, ఆన్ బ్రౌన్ చదవడంలో వెనకబడ్డ ఏడో తరగతి పిల్లలతో పనిచేస్తూ ఊహించడం, ప్రశ్న వేయడం, అర్థం కానిది తేటపరచుకోవడం, సారాంశం చెప్పడం అనే నాలుగు పనుల్నీ పిల్లలే ఒకరి తర్వాత ఒకరు గురువు స్థానంలో కూర్చుని చేసేలా చూశారు. నెల రోజులు మీరు నడిపాక ఈ వంతు పిల్లలకి అప్పగించండి. ప్రశ్నలు మీవాటికంటే గట్టిగా వస్తాయి.

ప్రతిదానికీ "దెయ్యం సార్" అంటారు. ఏం చేయాలి?

కొట్టిపారేయకండి. "సరే, దెయ్యమే అనుకుందాం. దెయ్యానికి గోనెసంచి ఎందుకు? చెంబుతో నీళ్ళెందుకు?" అని అడగండి. ఊహ కథలోని ప్రతి ఆధారానికీ జవాబు చెప్పాలన్నది మా తరగతి నియమం. ఒక్క ఆధారం మిగిలిపోయినా ఆ ఊహ ఇంకా పచ్చిగానే ఉన్నట్టు. రెండు మూడు కథలయ్యాక దెయ్యాలు వాటంతటవే పారిపోతాయి.

తెలుగుకే ప్రత్యేకమైన ఆధారాలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. ఈ ప్రశ్న ఎవరూ అడక్కపోయినా నేనే అడిగించుకుంటాను. వేరే భాషల పద్ధతుల్ని తెచ్చుకునేటప్పుడు మనం పోగొట్టుకునేవి ఇవే.

మొదటిది క్రియ. మూడో ముక్కలో "మూలిగింది" అని ఉంది. ఎవరు మూలిగారో కథ చెప్పదు. తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది. కానీ క్రియ చివర ఉన్న "ది" ఒక సంగతి బయటపెట్టేసింది: మూలిగింది తాతయ్య కాదు. తాతయ్య అయితే "మూలిగాడు". స్త్రీకీ, పశువుకీ, వస్తువుకీ ఏకవచనంలో మనకి ఒకే క్రియారూపం. అందుకే "మూలిగింది" అన్నది ఆడమనిషి కావచ్చు, జంతువూ కావచ్చు. నాయనమ్మ ఊళ్ళో లేదు. మరి ఎవరు? పురుష, లింగ, వచనాల పాఠం వ్యాకరణంలో ఎన్నిసార్లు చెప్పినా కళ్ళు మూతలు పడే పిల్లలు ఈ ఒక్క "ది" మీద అరగంట వాదించుకున్నారు. "ఎవరో వచ్చారు", "ఏదో వచ్చింది" అన్న రెండు వాక్యాల్లో ఏది ఎక్కువ భయపెడుతుందో అడిగి చూడండి.

రెండోది "ట్టు". "ఎవరో బతిమాలుతున్నట్టు" అని ఉంది, బతిమాలుతున్నారని లేదు. అది శీనుకి అనిపించింది, జరిగిందో లేదో తెలియదు. కథ చెప్పేవాడు చూసిందేది, పాత్రకి అనిపించిందేది అని విడదీయడం పెద్ద తరగతుల్లోనూ చాలామందికి రాదు. ఆవుని తాతయ్య బుజ్జగిస్తున్న మాటల్ని ఎవరో బతిమాలుతున్నట్టు భయంలో ఉన్న పిల్లవాడు విన్నాడు. ఆ "ట్టు" కింద గీత గీయించండి.

మూడోది, ఊహ ఎంత గట్టిదో చెప్పే మన మాటలు. తాతయ్య పెరట్లో ఉన్నాడు. పెరట్లోనే ఉండి ఉంటాడు. పెరట్లో ఉన్నట్టున్నాడు. పెరట్లో ఉన్నాడు కాబోలు. పెరట్లో ఉన్నాడేమో. మొదటిది కళ్ళతో చూసింది. తర్వాతది గట్టి ఆధారంతో తేల్చుకున్నది. "ఉన్నట్టున్నాడు"కి ఏదో గుర్తు కనిపించాలి. "కాబోలు" ఒక అడుగు వెనక్కి. "ఏమో" ఉత్త అనుమానం. "పెరట్లో ఉన్నాడట" అంటే అది ఊహ కానే కాదు, ఎవరో చెప్పగా విన్నది. పిల్లలు ఊహ రాసేటప్పుడు వీటిలో ఏది వాడాలో వాళ్ళే తేల్చుకోవాలి. ఒకటో ముక్క దగ్గర "ఏమో" అని రాసిన పిల్ల మూడో ముక్కకి "అయి ఉంటుంది" అని మార్చిందంటే, ఆ మధ్యలో ఏ మాట తన మనసు మార్చిందో చెప్పించండి. ఊహించడం నేర్చుకున్న పిల్లల్ని నేను గుర్తుపట్టేది ఈ మార్పుతోనే.

ఒకే అర్థం వచ్చే మాటల మధ్య తేడా ఎలా చెప్పాలి?

చెప్పకండి, వరసలో పెట్టించండి. అలికిడి, సవ్వడి, చప్పుడు, మోత, రొద. వీటిని చిన్నదాని నుంచి పెద్దదానికి సర్దమంటే బృందాలు కొట్టుకున్నంత పని చేస్తాయి. తర్వాత కథలో "అలికిడి" తీసేసి "మోత" పెట్టి చదివించండి. గడ్డివాము వెనక మోత వినబడితే శీను చెవులు రిక్కించనక్కర్లేదు, ఉత్కంఠ చచ్చిపోయింది. భయానికీ ఇలాగే చేయవచ్చు: బెరుకు, జంకు, గుబులు, దడ, హడల్. "గుబులు" మెల్లగా లోపల పెరిగేది, "హడల్" ఒక్కసారి వచ్చిపడేది. పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఇంకోటి వాడుకోవచ్చనే భ్రమ పిల్లల్లో పోవాలంటే ఈ పని చేయాలి. తాళ్ళకి కాగితాలు వేలాడదీసి ఈ వరసల్ని గోడ మీద ఏడాదంతా ఉంచుతాను.

మా ప్రాంతంలో ఈ మాటలు వాడరు. కథ మార్చుకోవచ్చా?

మార్చుకోవాలి. కోస్తాలో గాబు అన్నది తెలంగాణలో గోలెం అవుతుంది. పెరడుని దొడ్డి అనే ఇళ్ళున్నాయి. గొళ్ళెం బదులు గడియ అని రాస్తే ఇంకో లాభం ఉంది: తలుపుకి వేసేదీ గడియే, ఇరవై నాలుగు నిమిషాల కాలమూ గడియే. పిల్లలు తమ ఇంటి మాట చెప్పినప్పుడు "అది యాస, పుస్తకంలో ఇలా ఉంటుంది" అని సరిదిద్దకండి. రెండూ బోర్డు మీద పక్కపక్కన రాయండి.

నగరాల్లో, విదేశాల్లో తెలుగు నేర్చుకునే పిల్లలకి ఇది పనికొస్తుందా?

పనికొస్తుంది, కథ మాత్రం మారాలి. ఇంట్లో తెలుగు విని అర్థం చేసుకోగలిగి, చదవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి మీరే పైకి చదివి వినిపించండి. పెరడు బదులు లిఫ్టు, గౌరి బదులు తలుపు ముందు ఎవరో వదిలివెళ్ళిన పార్సిలు. అయితే ఒకటో రెండో ఊరి మాటలు కావాలనే ఉంచండి. వాటి అర్థం కోసం అమ్మమ్మకి ఫోను చేయడం ఇంటిపనిగా ఇవ్వండి. కుడితి గురించి అడిగితే అమ్మమ్మ అర్థంతో ఆగదు, కుడితిలో పడ్డ ఎలుక దాకా వెళ్తుంది. జాతీయం అలా వస్తేనే నిలుస్తుంది.

ఊహ తప్పయితే మార్కులు తగ్గించాలా?

అస్సలు వద్దు. మార్కు ఆధారానికి. కథ ముగింపుని సరిగ్గా చెప్పి, ఎందుకో చెప్పలేని పిల్లవాడికి నేను అయిదుకి ఒకటి వేస్తాను. గౌరి చెల్లెలనుకుని, "ముట్టలేదు", "దిగులుగా" అన్న మాటల్ని ఆధారంగా చూపి, రెండో ముక్క చదివాక గోనెసంచి కుదరడం లేదని తన ఊహని తనే అనుమానించిన పిల్లకి అయిదుకి అయిదు. తప్పయిన ఊహని రబ్బరుతో చెరిపేయనివ్వకండి. పక్కన కొత్తది రాయాలి. మనసు ఎలా మారిందో ఆ పేజీలో కనబడాలి.

ముందే కథ తెలిసిన పిల్లలుంటే?

వాళ్ళని ఆధారాల కాపలాదారులుగా పెట్టండి. ముగింపు చెప్పకూడదు, తోటివాళ్ళు దాటిపోయిన ఆధారాల్ని లెక్కపెట్టాలి. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ చేసిన ప్రయోగాల్లో, ముగింపు ముందే తెలిసిన పాఠకులు కథను ఇంకాస్త ఎక్కువే ఇష్టపడ్డారని తేలింది. నా తరగతిలో రెండో చదువు ఎప్పుడూ మొదటిదానికంటే సందడిగా ఉంటుంది. "ఇక్కడే చెప్పాడు సార్, మనమే చూసుకోలేదు" అన్న మాట రెండో చదువులోనే వినిపిస్తుంది.

నలభై అయిదు నిమిషాల పీరియడ్ సరిపోతుందా?

ఒక పీరియడ్‌లో మూడు ముక్కలు. నాలుగోది మర్నాటికి. ఆ రాత్రి పిల్లలు ఇంటి దగ్గర ఏం మాట్లాడుకుంటారో ఊహించుకోండి.

నేర్చుకున్న మాటలు నిలబడాలంటే?

ఒక్క కథతో నిలబడవు. వారం తర్వాత ఇంకో సందర్భంలో అదే మాట పిల్లలకి ఎదురవ్వాలి. "సద్దుమణగడం" శీను పెరట్లో వినిపించింది కదా, ఆటల పీరియడ్‌లో గొడవ అయ్యాక "ఇప్పటికి సద్దుమణిగిందా?" అని అడుగుతాను. నెల తిరిగేసరికి పిల్లలే ఆ మాటను నా మీద ప్రయోగిస్తారు.

ఇదంతా పదో తరగతి పరీక్షకి ఉపయోగమేనా?

నేరుగా ఉపయోగమే. అపరిచిత గద్యం ఇచ్చి ప్రశ్నలడిగేది పిల్లవాడు తెలియని పేరాలో ఆధారాలు పట్టుకోగలడా లేదా అని చూడడానికే. పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి వికృతులు, జాతీయాలు, సొంతవాక్యాలు అన్నీ ఒక కథలోంచే తీయవచ్చు. సొంతవాక్యం దగ్గర తేడా స్పష్టంగా కనిపిస్తుంది. గైడు చూసి నేర్చుకున్న పిల్లవాడు "నేను అలికిడి విన్నాను" అని రాస్తాడు. కథలో నేర్చుకున్న పిల్ల "పిల్లి అలికిడికి పిచ్చుకలు ఎగిరిపోయాయి" అని రాస్తుంది.

భయపడే పిల్లలు ఉంటారు కదా?

ఉంటారు. ఇంట్లో ఎవరైనా చనిపోయిన పిల్లలకి "మంచం ఖాళీ" అన్న రెండు మాటలే గుచ్చుకోవచ్చు. కథ ఎంచుకునేముందు ఎవరింట్లో ఏం జరిగిందో తెలుసుకోండి. అనుమానం ఉంటే ఆ వారానికి వేరే కథ తీసుకోండి. చీకటి, చావు లేని ఉత్కంఠ కథలు రాయడం కష్టమేమీ కాదు.

పిల్లల చేత ఇలాంటి కథ రాయించవచ్చా?

రాయించండి, కానీ చివరి నుంచి. ముందు రహస్యం ఏమిటో నిర్ణయించుకోవాలి. తర్వాత దాన్ని బయటపెట్టగల ఒకే ఒక్క మాటను ఎంచుకుని మొదటి పేరాలో ఎవరూ పట్టించుకోని చోట దాచాలి. పోయినేడాది ఒక అబ్బాయి కథలో వాళ్ళ నాన్న మూడు రోజులుగా ఇంటికి రాడు. అమ్మ ఎవరికీ చెప్పదు. పిల్లలందరూ ఏదో ఘోరం జరిగిందనుకున్నారు. మొదటి పేరాలో "వల ఆరేసే దండెం ఖాళీగా ఉంది" అని ఒక వాక్యం ఉంది. నాన్న వేటకి వెళ్ళాడు. వాళ్ళది సముద్రం ఒడ్డున పల్లె. "దండెం అంటే ఏంటి?" అని తరగతిలో ఏడుగురు అడిగారు. వాడు లేచి నిలబడి, బోర్డు దగ్గరికి వచ్చి, రెండు గుంజలు, మధ్యలో ఒక తాడు గీశాడు.